నిలబడ్డవాళ్ళని అడిగిన రూతమ్మగారు

ఒంటిపూట బడి రోజులు. తెనాలిలో మా అద్దె ఇంటి వరండాలో కూర్చుని, బడికి బయలుదేరే ముందు కృత్రిమ కాలికి పట్టీ బిగించుకుంటున్నాను. వీధి మలుపులో ప్రచారం ఆటో వచ్చి ఆగింది. ముందు మైకు గరగరలాడింది. తర్వాత పాట మొదలైంది. పాటను మధ్యలో ఆపేసి ఒక గొంతు పిలవడం మొదలుపెట్టింది: "రైతన్నలారా, కూలన్నలారా, అక్కచెల్లెమ్మలారా, అవ్వాతాతలారా..." ఆ పిలుపుల వరస నాకు కంఠతా వచ్చు. పట్టీ సగంలో ఆపి ఎదురుచూశాను. అందరూ అయిపోయాక ఊపిరి తీసుకుని, "దివ్యాంగ సోదర సోదరీమణులారా" అన్నాడు. కిటికీ రెక్కలు ఆ మోతకి అదురుతుంటే నాకు రూతమ్మగారి నవ్వు గుర్తొచ్చింది. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ ఆ మాట వినపడగానే, "వచ్చామమ్మా, చివరి బోగీలో మనమూ ఎక్కాం" అని ఆవిడ పగలబడి నవ్వేవారు. ఆవిడ పోయి రెండేళ్ళు కావస్తోంది. ఆవిడని చూడనివాళ్ళకి ఆవిడ గురించి చెప్పాలని ఆ పొద్దున అనిపించింది.

రూతమ్మగారిది రేపల్లె. ఊళ్ళో గ్రంథాలయంలో లైబ్రేరియన్‌గా పనిచేసేవారు. పసితనంలో వచ్చిన పోలియోతో రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. చేతులతో పెడలు తిప్పే మూడు చక్రాల బండి మీద ఊరంతా తిరిగేవారు. గంజి పెట్టిన చీరాల నేత చీర, ముఖానికి దట్టంగా పౌడరు, ఒళ్ళో నల్ల హ్యాండ్‌బ్యాగు. గ్రంథాలయానికి మెట్లుండేవి. బండిని కింద ఆపి, రెండు చేతులకీ హవాయి చెప్పులు తొడుక్కుని, అరచేతుల మీద ఒక్కో మెట్టే ఎక్కేవారు. పైకి చేరాక చెప్పులు తీసి, చీర దులుపుకుని, కుర్చీలోకి ఎక్కి కూర్చుని, "ఆ, చెప్పండి, ఏం పుస్తకం కావాలి?" అనేవారు. చర్చిలో శ్రుతి ఎటు పోయినా సరే అందరికంటే గట్టిగా పాడేవారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళని చిన్నా పెద్దా చూడకుండా కసిరేవారు. ఎవరైనా తనని చూసి "అయ్యో పాపం" అంటే, "నేనేం పాపం చేశానమ్మా?" అని అడిగేవారు. అడిగి ఊరుకునేవారు కాదు. జవాబు వచ్చేదాకా వాళ్ళ ముఖంలోకి అలాగే చూసేవారు.

మా ఇల్లు ఆవిడ ఇంటికి రెండు వీధుల అవతల. ఒకే చర్చి. అయినా నాకు ఆవిడతో పరిచయం నా కాలు పోయాకే కలిగింది. బాపట్లలో డిగ్రీ చదువుకుంటూ రోజూ వెళ్ళివస్తుండేదాన్ని. ఒక సాయంత్రం మేము ఎక్కిన షేర్ ఆటో చెరుకుపల్లి దాటాక లారీని తప్పించబోయి బోల్తా పడింది. నా కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు. ఆసుపత్రి నుంచి వచ్చాక నేను గుమ్మం దాటలేదు. చూడవచ్చినవాళ్ళు మంచం పక్కన కూర్చుని, నేను అక్కడ లేనట్టే, నా పెళ్ళి గురించి మా అమ్మతో గుసగుసగా మాట్లాడేవాళ్ళు. నాన్న రైస్ మిల్లులో గుమస్తా. సాయంత్రం వచ్చి నా తల నిమిరి అవతలికి వెళ్ళిపోయేవాడు. చంకకర్రలు గోడకి ఆనించి ఉండేవి. వాటి వంక చూడకుండా ఉండటానికి నేను గోడవైపు తిరిగి పడుకునేదాన్ని కాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం వీధిలోంచి కేక వినిపించింది. "ప్రమీలా! నేను పైకి రాలేను. నువ్వే కిందికి రా!"

అమ్మ కంగారుగా బయటికి వెళ్ళింది. "పిల్ల నడవలేదండి రూతమ్మగారూ."

"నేనూ నడవలేనమ్మా. మా ఇద్దర్లో ఎవరో ఒకరు రావాలిగా? ఆ అమ్మాయికి ఒక కాలుంది. నాకంటే నయమేగా!"

నాకు ఒళ్ళు మండింది. ఇంట్లో నాతో అంత మొరటుగా ఎవరూ మాట్లాడటం లేదు. ఆ కోపంతోనే చంకకర్రలు అందుకుని, గోడ పట్టుకుని, రెండు మెట్లు దిగి వీధిలోకి వచ్చాను. ఎండకి కళ్ళు మూతలు పడ్డాయి. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, ఏ ఓదార్పూ చెప్పకుండా, "చదువు ఆపేశావంటగా. చేతిరాత బాగుంటుందా నీకు?" అన్నారు. బాగుంటుందండి అన్నాను. "అయితే రేపు లైబ్రరీకి రా. కొత్త పుస్తకాలొచ్చాయి, నంబర్లు వెయ్యాలి. నాకో మనిషి కావాలి" అని బండి తిప్పుకుని వెళ్ళిపోయారు. ఆరోజు రాత్రి అమ్మ ఆవిడని తిట్టింది. నాన్న మాత్రం, "రేపు నేను దింపొస్తాలే" అన్నాడు. అలా మొదలైంది నా రెండో బతుకు. ఎవరికైనా నేను కావాలని ఆ నెలల్లో అన్నది ఆవిడొక్కరే.

గ్రంథాలయంలో నాకు పని దొరకడమే కాదు, అక్కడికి వచ్చే మనుషులు దొరికారు. రూతమ్మగారి దగ్గరికి పుస్తకాల కోసం వచ్చేవాళ్ళు కొందరైతే, కాగితం రాయించుకోవడానికి వచ్చేవాళ్ళు మరికొందరు. వాళ్ళలో చెరుకుపల్లి నుంచి వచ్చే మరియమ్మ ఒకామె. నాట్లకీ కలుపులకీ వెళ్ళే కూలిమనిషి. పద్నాలుగేళ్ళ కూతురు జ్యోతిని వీపున మోసుకుని వచ్చేది. జ్యోతికి పుట్టుకతోనే కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయాయి, మాట కూడబలుక్కుని వస్తుంది, బుద్ధి మాత్రం చురుకు. ఆ పిల్లకి వైకల్య ధ్రువపత్రం లేదు. అది లేనిదే పింఛను లేదు, బండి లేదు, బడిలో తోడు మనిషి లేదు. దానికోసం దూరాన ఉన్న పెద్దాసుపత్రికి వెళ్ళాలి. ఒకసారి నేనూ వాళ్ళతో వెళ్ళాను. బస్సు మెట్టు మరియమ్మ మోకాలికంటే ఎత్తు. వీపు మీద పిల్లతో ఆమె కమ్మీ పట్టుకుని ఎక్కుతుంటే కండక్టరు "త్వరగా తల్లీ" అన్నాడు. తీరా వెళ్తే డాక్టరుగారు సెలవు, మళ్ళీ రమ్మన్నారు. తిరుగు బస్సులో మరియమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఇది ఇంకా బరువెక్కితే ఎట్టాగమ్మా?" అంది. ఆమె ఒళ్ళో ఉన్న జ్యోతి ఆ మాట విని కళ్ళు మూసుకుంది. ఆ మాటా విన్నాను, ఆ కళ్ళూ చూశాను.

మర్నాడు ఇదంతా రూతమ్మగారికి చెప్పాను. అప్పుడు అసెంబ్లీ ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. అభ్యర్థులు వీధివీధీ తిరుగుతున్నారు. అంతకుముందు ఎన్నికల్లో ఒక పార్టీవాళ్ళు ఆవిడని వేదిక ఎక్కించి, శాలువా కప్పి, ఫోటో తీయించుకుని, సభ అయ్యాక దింపడం మర్చిపోయి వెళ్ళిపోయారట. ఆ కథ ఆవిడ నవ్వుతూనే చెప్పేవారు. ఈసారి మాత్రం నవ్వలేదు.

"ప్రమీలా, ప్రతి ఎన్నికకీ వాళ్ళే మన దగ్గరికొచ్చి ఏమిస్తామో చెప్తున్నారు. మనం వాళ్ళని ఎప్పుడూ ఏమీ అడగలేదు. వాళ్ళు ఎన్నికల్లో నిలబడ్డారుగా? మన సంగతిలో ఎక్కడ నిలబడ్డారో మనం కూర్చుని అడుగుదాం."

"వస్తారా ఆంటీ?"

"పిలిస్తేగా తెలిసేది."

పిలవడానికి వెళ్ళింది మేమిద్దరమే, ఆవిడ బండి మీద, నేను చంకకర్రలతో. రెండు పెద్ద పార్టీల ఆఫీసులూ మేడ మీదే ఉన్నాయి. ఆవిడ కిందే ఆగి కబురు పంపేవారు. ఎవరో కుర్రాడు దిగివచ్చి, సార్ లేరనో మీటింగులో ఉన్నారనో చెప్పేవాడు. "ఫర్లేదు నాయనా, ఉంటాను" అని ఆవిడ అక్కడే కూర్చునేవారు. దారినపోయేవాళ్ళంతా "ఏంటండీ లైబ్రరీ అమ్మగారూ, ఇక్కడున్నారు?" అని పలకరించేవాళ్ళు. ఆవిడ అందరికీ ఓపిగ్గా చెప్పేవారు. సాయంత్రానికి ఆ సంగతి ఊరంతా తెలిసిపోయింది. ఇక వాళ్ళు రాక తప్పలేదు.

సభకి మెట్లు లేని చోటు కావాలి. నాన్న తన జీవితంలో మొదటిసారి మిల్లు యజమానిని ఒక సాయం అడిగాడు. ఆయన వడ్లు ఎండబోసే సిమెంటు కళ్ళం ఇచ్చాడు. ఆదివారం సాయంత్రం, ఆ చల్లబడని సిమెంటు నేల మీద మూడు చక్రాల బండ్లు, చంకకర్రలు, చేతికర్రలు, పిల్లల్ని ఒళ్ళో పెట్టుకున్న తల్లులు. అంతమంది మాలాంటివాళ్ళు మా చుట్టుపక్కల ఉన్నారని నాకు అప్పటిదాకా తెలియదు. ఇన్నాళ్ళూ అందరూ నాలాగే గుమ్మాల వెనక ఉన్నారు.

అభ్యర్థులు ఇద్దరొచ్చారు. ఒకాయన అప్పటికే ఒకసారి గెలిచిన మనిషి, మాటకారి, నవ్వుముఖం. రెండో ఆయన మొదటిసారి నిలబడ్డాడు. రొయ్యల చెరువులున్నాయి, మైకు పట్టుకోవడం కూడా సరిగ్గా రాదు. పాతాయన వస్తూనే ముందు వరసలో ఉన్న జ్యోతి తలమీద చెయ్యివేసి, మరియమ్మని "పాప అన్నం తింటుందామ్మా?" అని అడిగారు.

రూతమ్మగారు అందుకున్నారు. "ఆ పిల్లకి చక్కగా వినపడుతుంది బాబూ. ఆ పిల్లనే అడగండి."

ఆయన ఒక్క క్షణం తడబడ్డారు. తర్వాత వంగి, "అన్నం తిన్నావా తల్లీ?" అన్నారు. జ్యోతి మెడ నిక్కించి, పెదవులు కూడదీసుకుని, "తి...న్నా" అంది. ఏం కూరో అడిగారాయన. అందరూ ఆగారు. "బొమ్మి...డాయిలు" అంది జ్యోతి. కళ్ళమంతా గొల్లున నవ్వింది. ఆయనా మనసారా నవ్వి, వేసిన కుర్చీ వదిలేసి ఆ పిల్ల పక్కనే నేలమీద కూర్చున్నారు. ఆయన మీద నాకు తర్వాత ఎన్ని కోపాలొచ్చినా ఆ నవ్వు మాత్రం అబద్ధం కాదనుకుంటాను.

మొదట ఇద్దరినీ ఒకే ప్రశ్న అడిగారు రూతమ్మగారు. "మీ ఆఫీసు మేడమీదుంది. మాకు పనిబడితే ఎట్లా రావాలి?"

పాతాయన వెంటనే, "మీకోసం నేనే కిందికి దిగివస్తానమ్మా!" అన్నారు. చప్పట్లు మోగాయి.

"చాలా సంతోషమండి. మరి మీరు ఊళ్ళో లేనప్పుడు?"

ఆయన నవ్వుతూనే మైకు పక్కన పెట్టారు. చప్పట్లు కొట్టినవాళ్ళు కూడా ఆయన వంకే చూస్తున్నారు. కొత్తాయన వంతు వచ్చింది. "మాదీ మేడ మీదేనమ్మా. నిజం చెప్పాలంటే నాకిది తట్టలేదు. కింద గది దొరికితే మారుస్తాను" అన్నాడు.

రెండో ప్రశ్న నన్ను అడగమని రూతమ్మగారు పొద్దునే చెప్పారు. మైకు అందుకున్నాను. చంకకర్ర ఒకటి జారి కింద పడింది. ఎవరో లేచి తీయబోతే రూతమ్మగారు వాళ్ళని కళ్ళతోనే ఆపేశారు. ఒంటికర్ర మీదే నిలబడి, బస్సు మెట్టు దగ్గర్నుంచి తిరుగు ప్రయాణం దాకా, మరియమ్మతో నేను చూసిందంతా చెప్పాను. "ధ్రువపత్రం ఇచ్చే డాక్టర్లని రేపల్లెకి రప్పిస్తారాండి?" అని అడిగాను. నా గొంతు మిల్లు గోడకి తగిలి నాకే తిరిగి వినిపించింది. పాతాయన, "తప్పకుండా, గెలిచిన వెంటనే" అన్నారు. కొత్తాయన తలగోక్కుని, "అది ఎమ్మెల్యే చేతిలో ఉంటుందో ఉండదో నాకు తెలియదమ్మా. తెలుసుకుని చెప్తాను" అన్నాడు. వెనకనుంచి ఎవరో, "ఏమీ తెలియనాయన ఏం చేస్తాడంట?" అని నవ్వారు. "తెలియదన్నది కూడా జవాబే నాయనా. నవ్వకు" అన్నారు రూతమ్మగారు.

ఆ తర్వాత ఆవిడ దగ్గరికి వచ్చినవాళ్ళందరికీ, రాలేని వాళ్ళకి ఫోనులోనూ, ఎవరు ఏమన్నారో ఉన్నదున్నట్టు చెప్పారు. నొక్కు ఒకరి మీద, మెత్తదనం ఇంకొకరి మీద లేకుండా. "ఇంతకీ ఎవరికి వెయ్యమంటారండి?" అని అడిగితే మాత్రం కోపమొచ్చేది. "వాళ్ళేమన్నారో చెప్పాను. ఆపైన నీకు బుద్ధి లేదా?" అనేవారు. ఆవిడ ఎవరికి వేశారో నాకు ఇప్పటికీ తెలియదు. కొత్తాయన ఆఫీసు పోలింగు లోపే కింది గదిలోకి మారింది. పాతాయన ఆఫీసు మేడమీదే ఉండిపోయింది.

పోలింగు రోజు మా బూత్‌కి మెట్లున్నాయి. ఒక కానిస్టేబులూ ఇద్దరు కుర్రాళ్ళూ ఆవిడని ఎత్తుకుని తీసుకెళ్తామని మర్యాదగానే ముందుకొచ్చారు. "నన్ను ఎత్తొద్దు. నేను బండి మీదే వెళ్తాను. దారి చెయ్యండి" అన్నారు ఆవిడ. ఎండ మండుతోంది. వరస ఆగింది. వెనక ఎవరో విసుక్కున్నారు. నాకు ఎక్కడైనా దాక్కోవాలనిపించింది. రూతమ్మగారు మాత్రం చీర కొంగుతో మెడ తుడుచుకుంటూ, ఎవరిమీదా కేకలు వెయ్యకుండా, అలాగే కూర్చున్నారు. చివరికి రెండు పార్టీల ఏజెంట్లూ కలిసి, ఎదురింటి వడ్రంగి దగ్గర కొత్తగా చేసిన తలుపు చెక్క ఒకటి మోసుకొచ్చి మెట్ల మీద వాల్చారు. ఆవిడ పెడలు తిప్పుకుంటూ దానిమీద పైకి వెళ్ళారు. ఏటవాలు ఎక్కువై బండి వెనక్కి జారబోతే నేను ఒక చేత్తో ఆపి పట్టుకున్నాను. ఆవిడ వెళ్ళాక చూద్దును కదా, చేతికర్ర పట్టుకున్న ముసలమ్మలు, నెలలు నిండిన ఒక అమ్మాయి, అందరూ మెట్లు వదిలి ఆ చెక్క మీదనుంచే ఎక్కుతున్నారు.

వచ్చేటప్పుడు ఉండబట్టలేక అడిగాను. "లైబ్రరీ మెట్లు రోజూ చేతులమీద ఎక్కుతారుగా ఆంటీ, ఇవాళ ఎందుకు పట్టుబట్టారు?"

ఆవిడ బండి ఆపారు. "అది ఉద్యోగం. జీతం తీసుకున్నాను, ఎక్కాను. ఇది ఓటు. ఓటుకి నేను పాకను."

పాతాయనే గెలిచారు. గెలిచిన వెంటనే అన్నది జరగలేదు. రూతమ్మగారు ఆయన ఆఫీసు కింద బండి ఆపి ఫోను చేసేవారు. "కిందున్నాను బాబూ, దిగివస్తానన్నారుగా." నిష్ఠూరం లేదు, వెటకారం లేదు. ఆయన కొన్నిసార్లు దిగేవారు, కొన్నిసార్లు లేరని చెప్పించేవారు. ఇంతలో ఓడిపోయినాయన ఒకరోజు గ్రంథాలయానికి వచ్చాడు. "తెలుసుకుని చెప్తానన్నాను కదమ్మా" అని, ధ్రువపత్రాలిచ్చే డాక్టర్ల శిబిరం రేపల్లెలో పెట్టించాలంటే ఎమ్మెల్యే ఎవరికి రాయాలో, ఊళ్ళో ఏ వసతులు చూపించాలో కనుక్కుని వచ్చి చెప్పాడు. ఓడిపోయినాయన ఆ మాట గుర్తుపెట్టుకుంటాడని నేను అనుకోలేదు. ఆ వివరం తీసుకుని మేము మళ్ళీ మేడ కిందికి వెళ్ళాం. ఈసారి పాతాయన దిగివచ్చి, అంతా విని, "ఇంత తేలికా ఇది?" అన్నారు. పని కదిలింది. కొన్ని నెలలకి డాక్టర్లు రేపల్లె వచ్చారు. జ్యోతి ఆరోజు ఉదయం నుంచీ కొత్త గౌను మీద కూర తగలకుండా చూసుకుందట. ధ్రువపత్రం చేతికొచ్చాక మరియమ్మ దాన్ని తిప్పి చూసి, "ఇంతేనాండి?" అంది. తర్వాత ఏడ్చింది. రూతమ్మగారు ఆ సాయంత్రమే గెలిచినాయనకీ ఓడినాయనకీ ఇద్దరికీ ఫోను చేసి, ఒకే రకంగా, "మంచిపని చేశారు బాబూ" అన్నారు. ఓడినాయనకి ఇంకో రెండు మాటలు ఎక్కువ చెప్పొచ్చుగా అన్నాను నేను. "ఇవాళ చేసినాయనకి ఇవాళ చెప్పకపోతే రేపెందుకు చేస్తాడే పిచ్చిదానా" అన్నారు.

నన్ను మళ్ళీ బాపట్ల పంపింది కూడా ఆవిడే. డిగ్రీ ముగించి, బీఈడీ చేసి, కృత్రిమ కాలితో నడక నేర్చుకుని, తెనాలిలో బడిపంతులమ్మనయ్యాను. జ్యోతికి చక్రాల కుర్చీ వచ్చింది, బడిలో పదో తరగతి దాకా చదివింది. గ్రంథాలయానికి ర్యాంపు మాత్రం రూతమ్మగారు రిటైరయ్యాకే కట్టారు. నాకు బాధేసింది. ఆవిడకి వెయ్యలేదు. కట్టిన మర్నాడే గంజి చీర కట్టుకుని బండి మీద జుమ్మని ఎక్కి, తన కుర్చీలో కూర్చున్న కొత్త అమ్మాయిని "ఆ, నాకో మంచి నవల ఇవ్వండి" అని అడిగారట.

చివరి రోజుల్లో గుండె బలహీనపడి తెనాలిలోనే ఆసుపత్రిలో ఉన్నారు. బడి అయ్యాక వెళ్ళి కూర్చునేదాన్ని. ఒక సాయంత్రం, "నా సమాధి దగ్గర నువ్వు మాట్లాడతావు, నాకు తెలుసు. ఏడవకుండా, తొందరగా ముగించు. ఎండలో జనం నిలబడి ఉంటారు" అన్నారు. నవ్వాను. ఆవిడ నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని, "వీధిలోంచి కేకేసినరోజు నీకు కోపమొచ్చింది కదూ?" అన్నారు. వచ్చిందన్నాను. "ఆ కోపం చూసే, ఈ పిల్ల బతుకుతుందనుకున్నా" అన్నారు. సమాధి దగ్గర నేను తొందరగానే ముగించాను. ఏడవకుండా ఉండటం మాత్రం నావల్ల కాలేదు.

ఆవిడ నాకు ఏమిచ్చారని ఎవరైనా అడిగితే, అడగడానికీ చెయ్యి చాపడానికీ తేడా చూపించారని చెబుతాను. కాలు పోయిన కొత్తలో నేను మంచినీళ్ళు కావాలన్నా గొంతు తగ్గించి అడిగేదాన్ని. ఇప్పుడు బడిలో, బ్యాంకులో, బస్టాండులో, నాకు రావలసినదాన్ని మామూలు గొంతుతో అడుగుతాను. అవతలివాళ్ళు నాకు శత్రువులు కారు, దయగల ప్రభువులూ కారు. జవాబు చెప్పవలసిన మనుషులు. ఇలా అనుకోగలగడం ఎంత హాయో, అది లేకుండా బతికినవాళ్ళకే తెలుస్తుంది.

వచ్చే ఆదివారం ఇక్కడ తెనాలిలో, మా బడికి దగ్గర్లో మెట్లు లేని ఒక హాల్లో, నిలబడ్డవాళ్ళందరినీ పిలిచాం. వస్తామని ఇప్పటికి ముగ్గురు చెప్పారు. మొదటి ప్రశ్న నాది. మైకు అందుకునేటప్పుడు ఎవరో ఒకరు, "కూర్చునే అడగండి మేడం, ఫర్లేదు" అంటారు. ఆరోజు నొప్పి ఉంటే కూర్చుంటాను, లేకపోతే నిలబడతాను. అది నా ఇష్టం. అడుగుతాను. అడిగి, వాళ్ళు చెప్పేదాకా ఆగుతాను.